ఒకరి తప్పు – జట్టుకు శిక్ష

ఆటలో నైపుణ్యం ఎంత అవసరమో నిగ్రహం కూడా అంతే అవసరం. గొప్ప ఆటగాడు నిగ్రహం కోల్పోతే నష్టం అతనికే కాదు, అతనిని నమ్ముకున్న జట్టుకు కూడా. ఉరుగ్వే ఫుట్‌బాల్ ఆటగాడు లూయిస్ సువారెజ్ ఇందుకు ఉదాహరణ.

2014 ప్రపంచ కప్ బ్రెజిల్‌లో జరిగింది. మోకాలి శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్న సువారెజ్ మొదటి మ్యాచ్ ఆడలేదు. ఉరుగ్వే 1-3 తేడాతో కోస్టారికా చేతిలో ఓడింది. రెండో మ్యాచ్‌కు అతడు వచ్చాడు. ఉరుగ్వే 2-1తో ఇంగ్లండ్‌ను ఓడించింది. ఆ రెండు గోల్సూ సువారెజ్‌వే!

జూన్ 24న ఇటలీతో మూడో మ్యాచ్. గెలిస్తేనే ఉరుగ్వేకు ముందడుగు. ఆట చివరి దశలో సువారెజ్ ఇటలీ ఆటగాడు కియెల్లినీ భుజం కొరికాడు. రిఫరీ చూడలేదు, కార్డు ఇవ్వలేదు. కాసేపటికే గోడిన్ గోల్ కొట్టడంతో ఉరుగ్వే 1-0తో గెలిచింది.

రిఫరీ కంట పడని తప్పు కెమెరాల కంట పడింది. ఫిఫా సువారెజ్‌పై 9 అంతర్జాతీయ మ్యాచ్‌ల నిషేధం విధించింది. 4 నెలలపాటు ఏ జట్టుకూ ఆడకూడదంది. జూన్ 28న అతడు లేని ఉరుగ్వే 0-2తో కొలంబియా చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. తరువాత సువారెజ్ క్షమాపణ చెప్పాడు. కానీ జట్టు అప్పటికే పోటీలో లేదు.

ఇది అతని మొదటి తప్పు కాదు. ప్రత్యర్థిని కొరికినందుకే 2010లో నెదర్లాండ్స్‌లో 7 మ్యాచ్‌లు, 2013లో ఇంగ్లండ్‌లో 10 మ్యాచ్‌లు నిషేధానికి గురయ్యాడు. ఆ రెండో నిషేధం వల్ల 2013-14 లీగ్‌లో లివర్‌పూల్ జట్టుకు మొదటి 5 మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. వాటిలో లివర్‌పూల్ ఒకటి ఓడింది, ఒకటి డ్రా చేసుకుంది. అతడు తిరిగి వచ్చి 33 మ్యాచ్‌లలో 31 గోల్స్ చేశాడు. అయినా లివర్‌పూల్ 2 పాయింట్ల తేడాతో టైటిల్ పోగొట్టుకుంది. ఆ 5 మ్యాచ్‌లూ అతడు ఆడి ఉంటే? ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

కుండెడు పాలు విరగడానికి ఒక్క ఉప్పుకల్లు చాలు. నిషేధం ఆటగాడి పేరు మీదే ఉంటుంది. కానీ మైదానంలో అతని లోటు మోయవలసింది తోటివారే.

మిత్రులారా! అమ్మానాన్నల బదిలీతో మనం తరచూ కొత్త బడికి, కొత్త జట్టుకు వెళ్తుంటాం. మనం ఎంత బాగా ఆడతామో వాళ్ళు ఒక్క రోజులో చూస్తారు. కోపం వచ్చినప్పుడు ఎలా ఉంటామో చూశాకే మనల్ని నమ్ముతారు.