లాప్‌టాప్ బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే: మన ఎండలో 80 దగ్గరే ఎందుకు ఆపాలి?

కొత్తలో ఐదు గంటలు వచ్చిన లాప్‌టాప్ బ్యాటరీ రెండు మూడేళ్లకే గంటన్నరకు దిగిపోవడం చాలామందికి తెలిసిన కథే. "కంపెనీ బ్యాటరీ బాలేదు" అనేసుకుంటాం. కానీ బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేసే ముఖ్యమైన కారణాలు రెండు: వేడి, ఎప్పుడూ 100 శాతం ఛార్జ్‌లో ఉండటం. నర్సీపట్నం లాంటి ఊళ్లో ఇంటి నుంచి పని చేసేవాళ్లకి, బీటెక్ స్టూడెంట్స్‌కి ఎండాకాలంలో ఈ రెండూ ఒకేసారి తగులుతాయి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో కరెంట్ పోయిందంటే మనల్ని కాపాడేది ఆ బ్యాటరీయే.

లోపల ఏం జరుగుతుంది?

లాప్‌టాప్‌లో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. ఛార్జ్ చేస్తే లిథియం అయాన్లు గ్రాఫైట్ వైపు వెళ్తాయి, వాడుతుంటే వెనక్కి వస్తాయి. ఈ క్రమంలో గ్రాఫైట్ మీద ఒక పల్చటి పొర ఏర్పడుతుంది. అది మందం అయ్యేకొద్దీ కొంత లిథియం అందులోనే చిక్కుకుపోతుంది, మళ్లీ పనికిరాదు. వేడి ఎక్కువైతే ఈ పని ఇంకా స్పీడుగా జరుగుతుంది. ఫుల్ ఛార్జ్‌లో సెల్ వోల్టేజ్ కూడా పైన ఉంటుంది కాబట్టి నష్టం పెరుగుతుంది.

100 దాటాక ఓవర్‌ఛార్జ్ అవుతుందన్న భయం అక్కర్లేదు, సర్క్యూట్ ఆపేస్తుంది. సమస్య 100 దగ్గరే రోజుల తరబడి ఉండటం.

బ్యాటరీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో దీనిపై ఒక పట్టిక ఉంది. ఏడాది పాటు ఊరికే దాచిన బ్యాటరీలో ఎంత సామర్థ్యం మిగులుతుందో అందులో చూపిస్తారు:

- 25 డిగ్రీల్లో: 40 శాతం ఛార్జ్‌తో దాస్తే 96 శాతం, ఫుల్ ఛార్జ్‌తో దాస్తే 80 శాతం
- 40 డిగ్రీల్లో: 40 శాతం ఛార్జ్‌తో దాస్తే 85 శాతం, ఫుల్ ఛార్జ్‌తో దాస్తే 65 శాతం

చివరి అంకె చూడండి. మే నెల మధ్యాహ్నం, ఛార్జర్ తీయని లాప్‌టాప్ ఉండేది దాదాపు అక్కడే. బ్యాటరీని అడిగితే లంబసింగిలో ఉంటానంటుంది!

మరి కరెంట్ పోతే?

80 దగ్గర ఆపితే బ్యాకప్ తగ్గుతుంది కదా అంటారు. లెక్క వేద్దాం. 50 వాట్ అవర్ బ్యాటరీ 80 శాతం అంటే 40 వాట్ అవర్లు. 10 వాట్లు వాడే మామూలు పనికి 4 గంటలు. అదే బ్యాటరీ సామర్థ్యం 65 శాతానికి పడిపోయాక ఫుల్ చేసినా 32.5 వాట్ అవర్లే, అంటే మూడుంబావు గంటలే. ఈరోజు ఒక గంట వదులుకుంటే, ముందు ముందు గంటలు మిగులుతాయి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఉమ్మడి విశాఖ జిల్లాలో రోజుల తరబడి కరెంట్ లేని ఊళ్లున్నాయి. తుపాను హెచ్చరిక వస్తే ముందు రోజే లిమిట్ తీసేసి 100 చేసుకోండి. ప్రయాణం ముందు కూడా అంతే.

ఇవి చేయండి

1. ఛార్జ్ లిమిట్ పెట్టండి. లెనోవో వాంటేజ్‌లో 'కన్జర్వేషన్ మోడ్', మైఆసుస్‌లో 'బ్యాటరీ కేర్' చూడండి. డెల్, హెచ్‌పీల్లో చాలా మోడల్స్‌కి బయోస్‌లో ఉంటుంది. మ్యాక్‌బుక్‌లో 'ఆప్టిమైజ్డ్ బ్యాటరీ ఛార్జింగ్' ఆన్ చేయండి.
2. పరుపు, దిండు మీద పెట్టి వాడొద్దు, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. ఎండలో ఆపిన కారులో వదిలేయొద్దు.
3. రోజూ 0 దాకా దించొద్దు. 20 దగ్గరే ఛార్జర్ పెట్టేయండి.
4. సెలవుల్లో నెల రోజులు వాడకపోతే సగం ఛార్జ్‌తో ఆఫ్ చేసి, చల్లటి చోట ఉంచండి.

మీ బ్యాటరీ ఎలా ఉంది?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి (అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో). వచ్చే ఫైల్‌లో 'డిజైన్ కెపాసిటీ', 'ఫుల్ ఛార్జ్ కెపాసిటీ' పోల్చండి. మొదటిది 50,000, రెండోది 40,000 అయితే మీ బ్యాటరీలో 80 శాతం మిగిలినట్టు.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం ఉబ్బినా మాత్రం ఈ చిట్కాలేవీ పనిచేయవు. ఛార్జింగ్ వెంటనే ఆపేయండి. నొక్కడం, గుచ్చడం చేయకుండా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

పోయిన సామర్థ్యం తిరిగి రాదు. ఉన్నది నిలుపుకోవడానికి కావాల్సింది మాత్రం రెండు నిమిషాల సెట్టింగే. ఈరోజే పెట్టేయండి.