కొండ సైకిలు

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ పట్టణం దగ్గర బాగా ఏటవాలుగా ఉన్న మట్టిదారి ఒకటి ఉంది. 1976లో కొందరు యువకులు పాత సైకిళ్లపై ఆ దారిన దిగుతూ పందేలు మొదలుపెట్టారు. పెడలు వెనక్కి తొక్కితే ఆ సైకిళ్లకు బ్రేకు పడేది. ఆ బ్రేకు వెనుక చక్రం మధ్యభాగంలో ఉండేది. కొండ దిగేసరికి రాపిడి వేడికి అందులోని గ్రీజు కాలి పొగలు వచ్చేవి. చక్రం విప్పి మళ్లీ గ్రీజు దట్టించవలసి వచ్చేది. అందుకే ఆ దారికి 'రీప్యాక్', అంటే 'మళ్లీ దట్టించు' అనే పేరు వచ్చింది.

ఆ పందెగాళ్లలో ఒకరైన జో బ్రీజ్ 1977లో కొండదారులకు తగిన కొత్త సైకిలు తయారుచేశారు. దాని బ్రేకులు చక్రపు అంచును రెండు వైపులా పట్టి ఆపేవి. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండ సైకిలు పందెం చేరింది.

వాలు దిగేవారు బయలుదేరకముందే బ్రేకు నొక్కి చూసుకోవాలి, హెల్మెట్ పెట్టుకోవాలి. వేగం సంగతి ఆ తరువాతే.