వేదాద్రి ఎండ నుంచి గుల్మార్గ్ మంచుకు: స్కీయింగ్‌కు వెళ్ళే కుటుంబాలకు చిట్కాలు

మే నెలలో జగ్గయ్యపేట, నందిగామ ఎండ 45 డిగ్రీలకు చేరడం మనకు అలవాటే. చలికాలం ఎంత ముదిరినా ఒక రగ్గు కప్పుకుంటే వేదాద్రిలో కృష్ణ ఒడ్డున రాత్రి గడిచిపోతుంది. అందుకే మన ఇళ్ళలో మంచుకు పనికొచ్చే బట్టలు ఉండవు, మంచు మీద నడిచిన అనుభవమూ ఉండదు. కానీ ఇప్పుడు ఇక్కడి పిల్లలు గుల్మార్గ్, ఔలి పేర్లు చెబుతున్నారు. అమెరికాలో ఉన్నవాళ్ళు అమ్మానాన్నలను కూడా స్కీయింగ్‌కు తీసుకెళ్తామంటున్నారు. తప్పకుండా వెళ్ళండి. అయితే ఒక లెక్క ముందే వేసుకోండి: ఒంటికి అంటుకునేవి కొనుక్కోండి, కాళ్ళకింద ఉండేవి అద్దెకు తీసుకోండి, ఈ రెండింటికన్నా ముందు నేర్పే మనిషికి ఇవ్వాల్సిన డబ్బు పక్కన పెట్టండి. కింది చిట్కాలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

బయలుదేరే ముందు

1. ఊరు ఎంచుకోండి. మన దేశంలో మొదటిసారి నేర్చుకునేవాళ్ళకు మూడు చోట్లు బాగుంటాయి. కశ్మీర్‌లో గుల్మార్గ్ (2,650 మీటర్ల ఎత్తు), ఉత్తరాఖండ్‌లో ఔలి, హిమాచల్‌లో మనాలి దగ్గరి సోలాంగ్ లోయ. వారం రోజులు నిలబడి నేర్చుకోవాలంటే గుల్మార్గ్ లేదా ఔలి. ఒకపూట కాళ్ళకు స్కీలు కట్టి చూద్దామనుకుంటే సోలాంగ్ చాలు. చిన్నపిల్లలకు చలి ఎలా ఉంటుందో ముందే తెలియాలంటే హైదరాబాద్ స్నో వరల్డ్‌కు ఒకసారి తీసుకెళ్ళండి. అక్కడ స్కీయింగ్ నేర్చుకోలేరు గానీ, ఎవరి చేతులు త్వరగా చల్లబడుతున్నాయో, ఎవరికి ఇంకో పొర బట్ట కావాలో తెలిసిపోతుంది.

2. సంక్రాంతి సెలవులను నమ్ముకోకండి. బళ్ళకు సెలవులు అప్పుడే గానీ, మంచు మన పంచాంగం చూసి పడదు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు చాలా రోజులు మంచు లేకుండా ఎండిపోయి కనిపించాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు సైతం మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. జనవరి ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఉన్న రోజులు మిగతావాటికన్నా నమ్మదగినవి. గదులు, టిక్కెట్లు రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. అప్పటికి పరీక్షలు దగ్గరపడతాయి కాబట్టి, పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఆ ఏడాదికి ఆగండి.

3. దారి లెక్క తెలుసుకోండి. గుల్మార్గ్‌కు శ్రీనగర్ దాకా విమానంలో వెళ్ళవచ్చు. రైలు ఇష్టమైతే కట్రా చేరి, 2025 జూన్‌లో మొదలైన కట్రా–శ్రీనగర్ వందేభారత్ ఎక్కవచ్చు. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. మంచు పడిన రోజుల్లో టంగ్‌మార్గ్ దాటాక చక్రాలకు గొలుసులు వేసిన బండే పైకి వెళ్తుంది. ఔలికి జోషీమఠ్ నుంచి వెళ్ళే రోప్‌వే 2023 జనవరిలో అక్కడ నేల కుంగిన తర్వాత ఆగిపోయింది, కాబట్టి రోడ్డు ప్రయాణమనే లెక్క వేసుకోండి. రిషికేశ్ నుంచి జోషీమఠ్ చేరడానికే ఒక పగలంతా పడుతుంది. ఎటు వెళ్ళినా చివర ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. మంచుకు రోడ్డు మూసుకుపోయినా, విమానం ఆగినా ఆ రోజే ఆదుకుంటుంది.

4. ఫోన్, గొండోలా టిక్కెట్ ముందే చూసుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. ఇంట్లో కనీసం ఒకరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గుల్మార్గ్ గొండోలా (రోప్‌వే) టిక్కెట్లు ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి, రద్దీ రోజులవి ముందే అయిపోతాయి. మొదటి దశ కాంగ్‌డోరి దాకా, రెండో దశ దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఉన్న అఫర్వాట్ దాకా వెళ్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి రెండో దశ అక్కర్లేదు. గొండోలా ఎక్కే చోటికి దగ్గరలో ఉన్న చిన్న వాలులే మీ బడి.

5. విదేశాల్లో ఉన్నవారి దగ్గరికి వెళ్తుంటే టిక్కెట్ కిటికీ దగ్గర కొనకండి. అమెరికాలో పెద్ద రిసార్ట్‌లలో రద్దీ రోజున ఒక మనిషికి వాలు పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ టిక్కెట్ 200 డాలర్లు దాటుతుంది. చాలా రిసార్ట్‌లలో చెల్లే ఎపిక్, ఐకాన్ పాస్‌లు సీజన్‌కు ముందే అమ్ముతారు, డిసెంబర్ తొలి రోజులతో అమ్మకం ముగిసిపోతుంది. కాబట్టి మీరు వెళ్ళే తేదీలు పిల్లలకు దసరా నాటికే చెప్పండి. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకు పాఠం, సామాను అద్దె, చిన్న లిఫ్ట్ కలిపి ఒకే ప్యాకేజీగా ఇచ్చే చిన్న రిసార్ట్ చవక, మేలు కూడా. దుబాయ్‌లో ఉన్నవారికి 2005లో తెరిచిన స్కీ దుబాయ్ ఉంది. అక్కడ జాకెట్, ప్యాంటు, బూట్లు, స్కీలు టిక్కెట్‌లోనే ఇస్తారు. గ్లవ్స్, టోపీ మాత్రం ఇస్తారో లేదో ముందే కనుక్కోండి.

6. డబ్బు మొదట గురువుకు. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ సోలాంగ్‌లో కోర్సులు పెడుతుంది. ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారం రోజులవి, రెండు వారాలవి నడుపుతుంది. సీట్లు తక్కువ, కాబట్టి శీతాకాలం రాకముందే దరఖాస్తు పెట్టండి. కోర్సు దొరక్కపోతే లైసెన్సు ఉన్న శిక్షకుణ్ణి మాట్లాడుకోండి. దారిలో చెయ్యి పట్టుకుని నేర్పుతామనే వారితో వెళ్ళకండి. మోకాలు తిరిగితే నెలలు మంచం మీద ఉండాలి. గురువుకు ఇచ్చేది ఆ వైద్యం ఖర్చు ముందు ఏమంత కాదు.

7. వేదాద్రి కొండ మెట్లే మీ జిమ్. స్కీయింగ్‌లో అలిసిపోయేవి తొడలు. వాలు దిగుతూ ఒంటి బరువును ఆపుకోవాలి కాబట్టి ఆ కండరాలే పని చేస్తాయి. జ్వాలా నరసింహస్వామి కొండ మెట్లు ఎక్కడం ఊపిరికి మంచిది, ఆగి ఆగి నెమ్మదిగా దిగడం తొడలకు మంచిది. ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు చేయండి. కొండ దూరమైతే ఇంట్లోనే గుంజీలు, గోడ కుర్చీ చాలు. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. ఎండలో పెరిగిన పిల్లలు నెలల తరబడి ఒంటిని సిద్ధం చేసుకునే ఆ చలిని తట్టుకున్నారు. మనకు అంత అక్కర్లేదు గానీ, అసలు సిద్ధపడకుండా మాత్రం వెళ్ళకండి.

అద్దెకు తీసుకునేవి

8. కొలతల కాగితం ఒకటి రాసుకోండి. ఇంట్లో ఒక్కొక్కరి ఎత్తు, బరువు, వయసు, పాదం పొడవు రాసి ఫోన్‌లో ఫోటో తీసి ఉంచండి. మడమ గోడకు ఆనించి నిలబడి, పొడవాటి వేలి చివర గీత పెట్టి సెంటీమీటర్లలో కొలవండి. పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి సాయంత్రం కొలిస్తే సరిగ్గా వస్తుంది. స్కీ బూట్ల సైజు ఈ సెంటీమీటర్ల లెక్కే. 26 సెంటీమీటర్ల పాదానికి 26 సైజుతో మొదలుపెట్టి తొడిగి చూడాలి. బాటా చెప్పుల నంబరు అక్కడ పనికిరాదు.

9. బరువు తగ్గించి చెప్పకండి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్, పడినప్పుడు తానే ఊడాలి. అది ఎంత బలానికి ఊడాలో మీ బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, మీకున్న అనుభవం చూసి బిగిస్తారు. బిడియపడి పది కిలోలు తక్కువ చెబితే ఊడకూడని చోట ఊడుతుంది. నాకు బాగా వచ్చని గొప్ప చెబితే ఊడాల్సిన చోట ఊడక మోకాలు పోతుంది. కొత్తవాళ్ళమని స్పష్టంగా చెప్పండి.

10. బూటు దగ్గర మొహమాటం వద్దు. నిటారుగా నిలబడితే వేళ్ళ చివరలు ముందు తగలాలి, మోకాళ్ళు ముందుకు వంచితే కాస్త వెనక్కి రావాలి. మడమ లేవకూడదు. నొప్పి, తిమ్మిరి ఉంటే ఆ జత వద్దని చెప్పి ఇంకోటి అడగండి. సుఖంగా ఉంటుందని వదులు బూటు తీసుకుంటే స్కీ మాట వినదు, కాలు లోపల జారుతుంది. దుకాణంలో పది నిమిషాలు తొడుక్కుని నడిచాకే ఒప్పుకోండి.

11. స్కీలు పొట్టివే తీసుకోండి. నేర్చుకునేవారికి నేల నుంచి గడ్డం దగ్గరికి వచ్చే పొడవు చాలు. పొట్టి స్కీ సులువుగా తిరుగుతుంది. అంచులు తుప్పు పట్టి ఉంటే, అడుగున లోతైన గాట్లు ఉంటే మార్చమనండి. స్కీ కర్రలు తలకిందులుగా పట్టుకుని, కొన దగ్గరి చక్రం కింద చేయి వేసినప్పుడు మోచేయి సరిగ్గా మూలమట్టంలా వంగితే పొడవు సరిపోయినట్టు. పడేటప్పుడు కర్రను వదిలేయడం నేర్చుకోండి, గట్టిగా పట్టుకుంటే బొటనవేలు దెబ్బతింటుంది.

12. హెల్మెట్ అందరికీ. పెద్దలకూ, పిల్లలకూ, ఒక్క గంటకైనా సరే. కింద మంకీ క్యాప్ పెట్టి పైన హెల్మెట్ పెట్టకండి, వదులైపోతుంది. పలచటి టోపీ చాలు. తల ఊపితే హెల్మెట్ కదలకూడదు.

కొనుక్కునేవి

13. నూలు బనియన్, జీన్స్ సూట్‌కేస్‌లోంచి తీసేయండి. మన ఎండకు నూలు ఎంత హాయో మంచులో అంత ప్రమాదం. చెమటతో తడిసిన నూలు ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఒంటికి పట్టిన పాలిస్టర్ లేదా మెరీనో ఉన్ని థర్మల్, దాని మీద ఫ్లీస్, అన్నిటికన్నా పైన గాలి, నీరు చొరని జాకెట్, ప్యాంటు. ఈ మూడు పొరలు చాలు. థర్మల్స్ రెండు జతలు కొనండి, ఒకటి ఉతికితే ఒకటి ఉండాలి. ఫ్లీస్ తర్వాత కూడా పనికొస్తుంది. పై జాకెట్, ప్యాంటు మాత్రం మంచు దగ్గర అద్దెకు దొరుకుతాయి, మొదటిసారికి అవే చాలు.

14. సాక్స్ ఒక్క జతే వేసుకోండి. చలికి భయపడి రెండు జతలు వేస్తే బూటులో రక్తం ఆడదు, కాళ్ళు ఇంకా చల్లబడతాయి. మోకాలి కింద దాకా వచ్చే పలచటి ఉన్ని సాక్స్ కొనండి. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకూడదు, ఆ మడతే గాయం చేస్తుంది. చేతులకు నీళ్ళు చొరని గ్లవ్స్ తీసుకోండి. పిల్లలకు నాలుగు వేళ్ళు కలిపి ఉండే మిట్టెన్స్ ఎక్కువ వెచ్చగా ఉంటాయి.

15. గాగుల్స్ మీద పొదుపు వద్దు. 1,000 మీటర్లు పైకి వెళ్ళే కొద్దీ అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మన మొహం మీదికే కొడుతుంది. నల్ల అద్దం ఒక్కటే చాలదు, యూవీ రక్షణ రాసి ఉండాలి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు దాని మీద పెట్టుకునే రకం గాగుల్స్ అడిగి తీసుకోండి. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద, చెవులకు కూడా రాయాలి. కొబ్బరినూనె అక్కడ గడ్డకడుతుంది, పెదవులకు, చెంపలకు వాజెలిన్ పట్టుకెళ్ళండి.

అక్కడికి చేరాక

16. చూడ్డానికి వచ్చే పెద్దవాళ్ళను మరవకండి. అమ్మ, అత్తయ్య చీరలోనే ఉంటామంటే లోపల థర్మల్స్, పైన మోకాళ్ళ దాకా వచ్చే కోటు, కాళ్ళకు పట్టు ఉన్న నీళ్ళు చొరని బూట్లు ఉండాలి. కుచ్చిళ్ళు నేలకు తగలకుండా కాస్త పైకి కట్టుకోమనండి, తడిసిన అంచు గడ్డకడుతుంది. లిఫ్ట్ ఎక్కేవారు చున్నీ, పొడవాటి మఫ్లర్ వేలాడకుండా లోపలికి దోపుకోవాలి. ఉంగరాలు తీసేయండి, చలికి వేళ్ళలో రక్తం ఆడనివ్వవు.

17. మొదటి రోజు విశ్రాంతి. 2,500 మీటర్లు దాటితే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావచ్చు. చేరిన రోజు తిరగకుండా, నీళ్ళు బాగా తాగుతూ ఉండండి. తలనొప్పి పెరుగుతూ మాట తడబడితే, కూర్చున్నా ఆయాసం వస్తే వెంటనే కిందికి దిగి వైద్యుణ్ణి కలవాలి. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు ఇక్కడి డాక్టరును అడిగే బయలుదేరండి. ఇన్సులిన్ గడ్డకడితే పాడవుతుంది, లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచుకోండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు స్కీయింగ్‌కు వర్తిస్తుందా అని అడిగి, రాతపూర్వకంగా చూసుకోండి. మామూలు పాలసీలు చాలావరకు మంచు క్రీడలను మినహాయిస్తాయి.

18. జేబులో తిండి ఉంచుకోండి. చలిలో దాహం తెలియదు, ఆకలి మాత్రం ఉన్నట్టుండి వేస్తుంది. పల్లీపట్టీ, ఖర్జూరాలు, నువ్వుండలు జేబుకు బాగుంటాయి. ఫ్లాస్కులో వేడినీళ్ళు పెట్టుకోండి. గదిలోకి కారప్పొడి, గోంగూర పచ్చడి ఉంటే అక్కడి అన్నం నోటికి బాగా దిగుతుంది.

19. వాలు మీద మర్యాద పాటించండి. ముందు ఆగడం, తర్వాతే జారడం. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక భాగాలు దూరంగా పెట్టి ఆగడాన్ని పిల్లలకు పిజ్జా అని నేర్పుతారు. పెద్దలూ అదే నేర్చుకోవాలి. పడాల్సి వస్తే పక్కకు, తుంటి మీద పడండి. మీకన్నా కింద ఉన్నవారికే దారి హక్కు, తప్పుకోవాల్సింది పైనుంచి వచ్చేవారు. అమెరికాలో పచ్చ గుండ్రం సులువు, నీలం చదరం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. గుర్తులు పెట్టిన హద్దు దాటి ఎవరు పిలిచినా వెళ్ళకండి. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ మీద మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. అనుభవం ఉన్నవారినే వదలని చోటు అది.

20. మళ్ళీ వెళ్తామనిపిస్తే అప్పుడు కొనండి. ఒక ట్రిప్‌తోనే పూర్తి సామాను కొంటే అది అటక మీదికే చేరుతుంది. రెండోసారీ వెళ్ళాలనే కోరిక బలంగా ఉంటే ముందు హెల్మెట్, ఆ తర్వాత మీ పాదానికి కుదిరిన బూట్లు. స్కీలు అన్నిటికన్నా చివర. ఎదిగే పిల్లలకైతే అసలు కొనకండి, ఏటా సైజు మార్చి అద్దెకు తీసుకోవడమే లాభం. మిగిలిన డబ్బుతో గురువు దగ్గర ఇంకో రెండు రోజులు తీసుకోండి. మంచు మీద భయం పోయి ఆనందం మొదలయ్యేది ఆ రోజుల్లోనే.