గడువు తేదీ – ఆలస్య రుసుము: హాస్టల్ గేటు దాటిన వాళ్ళకు ఒక పాఠం



మన హాస్టల్లో చదువుకున్న వాళ్ళకు ఆలస్య రుసుము అనే మాట కొత్తది కాదు. కాలేజీ నోటీసు బోర్డు మీద పరీక్ష ఫీజు ప్రకటన అంటించిన రోజు మనం మొదట చూసేది టైంటేబుల్ కాదు. 'ఆలస్య రుసుము లేకుండా ఫలానా తేదీ వరకు, ఆలస్య రుసుముతో ఫలానా తేదీ వరకు' అన్న రెండు వరుసలనే చూసేవాళ్ళం. మొదటి వరుసలో కట్టగలిగిన వాళ్ళు ఎప్పుడూ కొందరే. స్కాలర్‌షిప్ వచ్చే తేదీ మన చేతిలో లేదు, ఫీజు కట్టే తేదీ కూడా మన చేతిలో లేదు. ఆ రెండింటి మధ్య ఎన్ని రోజులు ఎడముంటే అంత అప్పు.

అయితే ఒక్క విషయం మనకు హాస్టల్ నేర్పలేదు. కరెంటు బిల్లు ఎలా ఉంటుందో మనం చూడలేదు. నీళ్ళ బిల్లు, కరెంటు బిల్లు అన్నీ ఆఫీసులో వార్డెన్ సారు చూసుకునేవారు. బల్బు వెలిగేది, మనం చదువుకునేవాళ్ళం. డిగ్రీ అయిపోయి దిల్‌సుఖ్‌నగర్‌లోనో, చైతన్యపురిలోనో, ఎల్బీనగర్‌లోనో ముగ్గురు నలుగురు కలిసి గది తీసుకుని గ్రూప్స్‌కు, ఎస్సై పరీక్షకు చదువుతున్నప్పుడే మొదటిసారి ఓనరు ఒక పొడుగు కాగితం చేతిలో పెడతాడు. ఆ కాగితాన్ని చదవడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గడువు అంటే ఏమిటి?

బాకీ పుట్టిన రోజు వేరు, బాకీ తీర్చవలసిన రోజు వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న కాలమే గడువు. ఆ కాలం మనకు ఎవరో దయతో ఇచ్చింది కాదు, ఒప్పందంలో భాగం. అందుకే గడువు తేదీని ముందుకు జరిపితే వస్తువు ధర పెరగకపోయినా మన మీద భారం పెరుగుతుంది. ఈ సంగతి మన తాతలకు బాగా తెలుసు. భూమి శిస్తును కిస్తుల కింద కట్టే రోజుల్లో కిస్తు నెల పంట చేతికొచ్చే నెల కన్నా ముందు పడిందంటే రైతు చేసేది రెండే పనులు. పచ్చి పంటను వచ్చిన ధరకు అమ్ముకోవడం, లేదా షావుకారు గడప తొక్కడం. శిస్తు రూపాయి కూడా పెరగలేదు, అయినా రైతు మునిగాడు.

ఇంకో ముచ్చట కూడా ఇక్కడే చెబుతాను. బ్రిటన్‌లో 1752లో పాత క్యాలెండరును వదిలి కొత్త క్యాలెండరుకు మారినప్పుడు సెప్టెంబరు నెలలో 11 రోజులు తీసేశారు. అంతకు ముందు అక్కడ లెక్కల సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఏడాదిలో 11 రోజులు తగ్గితే పన్ను మాత్రం ఏడాదికి కట్టాలా అన్న చిక్కు రావడంతో ఆ తేదీని ఏప్రిల్ మొదటి వారానికి జరిపారు. నేటికీ వాళ్ళ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది. తేదీ మారితే ఎవరి జేబులోంచి ఎంత పోతుందో రాజ్యాలు కూడా లెక్క చూసుకున్నాయి. మనం చూసుకోకపోతే ఎట్లా?

మీటరు రీడింగు తేదీ

కరెంటు బిల్లులో అందరూ చివరి తేదీనే చూస్తారు. నా మాట వింటే, మొదట చూడవలసింది గత రీడింగు తేదీకీ ఈ రీడింగు తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయన్నది. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

తెలంగాణలో 2022-23లో నిర్ణయించిన ఇళ్ళ ధరల ప్రకారం నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి (100 దాటితే) మొదటి 100 యూనిట్లకు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 100కు 4 రూపాయల 80 పైసలు. 200 దాటితే వరసే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 300 వరకు 7 రూపాయల 70 పైసలు. 30 రోజుల్లో సరిగ్గా 200 యూనిట్లు కాల్చిన ఇంటికి 820 రూపాయలు. రీడింగు తీసే మనిషి మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడనుకోండి. 20 యూనిట్లు పెరిగి 220 అవుతుంది. శ్లాబును రోజుల లెక్కన సర్దకపోతే అప్పుడు బిల్లు 1,020 రూపాయలు, దానికి 154 కలిపితే 1,174. ఇరవై యూనిట్లకు అదనంగా 354 రూపాయలు, అంటే యూనిట్ 17 రూపాయల 70 పైసలు పడ్డట్టు!

'వచ్చే నెల రోజులు తగ్గుతాయి కదా, చెల్లుకు చెల్లు' అంటారు కొందరు. కాదు. వచ్చే నెల 27 రోజులకు 180 యూనిట్లు, 724 రూపాయలు. రెండు నెలలు కలిపి 1,898. రీడింగు సమయానికి తీసి ఉంటే 1,640. తేడా 258 రూపాయలు ఎక్కడికీ తిరిగి రాదు. ఇందులో ఫిక్సుడు చార్జీలు, సుంకం కలపలేదు.

2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి పథకం వచ్చాక ఈ రోజుల లెక్క ఇంకా ముఖ్యమైంది. అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు, దాటితే మొత్తం బిల్లు. రోజుకు ఆరున్నర యూనిట్లు కాల్చే ఇల్లు 30 రోజులకు 195 దగ్గర ఆగుతుంది. 33 రోజులకు 214 దాటుతుంది. ఇంటి వాడకం మారలేదు, గేటు దగ్గరికి మనిషి వచ్చిన రోజు మారింది. ఎల్బీనగర్ చుట్టుపక్కల బస్తీల్లో కిరాయికి ఉండే కుటుంబానికి ఆ వెయ్యి రూపాయలు చిన్న మాట కాదు. అందుకని రీడింగు రోజు మీటరును ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. రోజులు ఎక్కువైతే 1912కు ఫోను చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

2020 సంవత్సరం చాలామందికి గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఇంటింటి రీడింగు ఆగిపోయింది. అంతకు ముందు ఏడాది అదే కాలపు వాడకాన్ని బట్టి బిల్లులు వేశారు. జూన్‌లో రీడింగు తీసి మూడు నెలల లెక్క ఒకేసారి చూపేసరికి జనం గగ్గోలు పెట్టారు. సంస్థ శ్లాబులను నెలలకు పంచే లెక్క వేశామంది, వాయిదాల్లో కట్టే వీలూ ఇచ్చారు. కానీ బిల్లు చేతిలో పట్టుకున్న మనిషికి ఆ పంపకం కాగితం మీద ఎక్కడా అర్థం కాలేదు. సగం కోపం డబ్బు గురించి, సగం కోపం లెక్క తెలియనందుకు.

దారి మూసి తేదీ అడిగితే

పూర్వం గడువు రోజున ఈ-సేవ కేంద్రం ముందు లైను రోడ్డు దాకా ఉండేది. 2001లో మొదలైన ఈ-సేవ వచ్చాకనే ఒకే కౌంటరులో కరెంటు, నీళ్ళు, ఫోను బిల్లులు కట్టే సౌకర్యం కలిగింది. తర్వాత ఫోనులోనే కట్టడం అలవాటైంది. 2024 జూలై 1న ఆ అలవాటు ఒక్కసారిగా తెగింది. రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు ఫోన్‌పే, గూగుల్‌పే, పేటీఎం వంటి యాప్‌ల ద్వారా బిల్లుల స్వీకరణ ఆగిపోయిందని, తమ వెబ్‌సైటు, తమ యాప్‌లోనే కట్టాలని దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రకటించింది. కొద్ది రోజులకు యాప్‌లు ఒక్కొక్కటే భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థ ద్వారా మళ్ళీ అందుబాటులోకి వచ్చాయి. ఈలోగా గడువు దగ్గరపడ్డ వాళ్ళు పడిన హైరానా ఇంతా అంతా కాదు. తేదీని జరపడం ఒక్కటే కష్టం కాదు, తేదీని అలాగే ఉంచి దారి మార్చినా ఫలితం అదే.

భయపడవలసిన పని మాత్రం లేదు. గడువు దాటిన మర్నాడే స్తంభమెక్కి తీగ తీయడానికి వీల్లేదు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం కనెక్షను తీయాలంటే రాతపూర్వకంగా కనీసం పూర్తి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. బిల్లు మీద వివాదం ఉంటే నిరసన తెలుపుతూ అడిగినంత, లేదా గత ఆరు నెలల సగటు ప్రకారం, ఏది తక్కువైతే అది కట్టి సరఫరా నిలుపుకోవచ్చు. బిల్లుల్లో వరుసగా చూపకుండా వదిలేసిన పాత బకాయిని రెండేళ్ళు దాటాక వసూలు చేయడానికి ఆ సెక్షనే అడ్డుపడుతుంది. ఓనర్లు పాత బకాయి అని మన మీద రుద్దేటప్పుడు ఇది పనికొస్తుంది.

సొంత ఇల్లు కట్టుకున్న అన్నలకు ఒక్క మాట. ఎల్బీనగర్ పురపాలక సంఘం 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. ఆస్తి పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం, ఏప్రిల్‌లోనే ఏడాదిది కడితే 5 శాతం తగ్గింపు అన్నది అక్కడి పద్ధతి. అప్పుడప్పుడు వడ్డీలో 90 శాతం మాఫీ ప్రకటించినప్పుడు సమయానికి కట్టినవాడు అమాయకుడిలా మిగిలిపోతాడు. ఇది నాకు నచ్చని విషయం.

మన తమ్ముడి లెక్క

ఇప్పుడు అసలు సంగతి. మన హాస్టల్లోనే చదివిన తమ్ముడొకడు కొత్తపేటలో ఒక షాపులో పని చేస్తాడు. జీతం పదో తారీఖు. ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు ఉంది. పేరు ఇక్కడ అవసరం లేదు. గడువు 15వ తేదీ. మూడేళ్ళు ప్రతి నెలా 12న కట్టాడు, ఒక్కసారి తప్పలేదు. బ్యాంకు బిల్లు చక్రం మార్చి గడువును 8వ తేదీకి తెచ్చింది. కార్డు తీసుకునేటప్పుడు రాయించిన ఈ-మెయిలుకు సమాచారం వచ్చింది. వాడు ఆ మెయిలు తెరిచి ఏళ్ళయింది. 12న ఎప్పటిలాగే 6,400 కట్టాడు. ఆలస్య రుసుము 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90, మొత్తం 590. ఇలా మూడు నెలలు.

"అన్నా, నేను మారలే. తారీఖు మారింది" అన్నాడు నాతో.

ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మనం అమ్మో అంటాం. ఆ లెక్కన 6,400కు నాలుగు రోజుల వడ్డీ 17 రూపాయలు. వాడు కట్టింది 590, కార్డు వడ్డీ కాకుండా.

2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలి. గడువు తర్వాత మిగిలిన బాకీ మీదనే వేయాలి. వాడు 11న కట్టి ఉంటే ఆ రుసుము పడేది కాదు. ఒక్క రోజు! అవే ఆదేశాల్లో చార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలనీ, ఖాతాదారు తన బిల్లు చక్రాన్ని మార్చుకునే అవకాశం ఇవ్వాలనీ ఉంది. ఈ చివరి హక్కు సంగతి మన వాళ్ళలో ఎవరికీ తెలియదు. జీతం పదో తారీఖు అయితే గడువు పద్దెనిమిది పెట్టించుకోవచ్చు. అడగాలి, అంతే.

వాడి కష్టం డబ్బుతో ఆగలేదు. తండ్రి లేడు. చెల్లె నర్సింగ్ చదువుకు అప్పు కోసం వాడే జామీను నిలబడ్డాడు. బ్యాంకులో పరపతి నివేదిక తీస్తే మూడు నెలలు వరసగా ఆలస్యం అని ఉంది. ఫైలు పక్కన పెట్టారు.

ఇద్దరం కూర్చుని అర్జీ రాశాం. మూడేళ్ళ చెల్లింపు తేదీలు ఒక కాగితం మీద వరసగా పెట్టాం. మార్పు గురించి ఫోనుకు సందేశం పంపారా అని అడిగాం. గడువు 18కి మార్చమని కోరాం. ముందు బ్యాంకుకే రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఖర్చు లేదు. పరపతి నివేదిక ఏడాదికి ఒకసారి ఉచితంగా తీసుకోవచ్చు. తప్పు సరిదిద్దమని అడిగితే 30 రోజుల్లో తేల్చాలి, ఆ పైన రోజుకు 100 రూపాయల పరిహారం అన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా విధించే ఒప్పందాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయపు ఒప్పందం అంటుంది. ఆ మాట మీద కేసు వేయదలిస్తే జిల్లా కమిషన్‌కు కాక రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. దాకా పోనవసరం లేకుండా సలహా కావాలంటే 1915కు ఫోను చేయవచ్చు.

మొదట బ్యాంకు 'నిబంధనల ప్రకారమే' అని ఒక్క వాక్యం రాసింది. రెండో అర్జీకి రెండు నెలల రుసుము వెనక్కి వేసింది, మూడోది వేయలేదు. గడువు 18కి మారింది. నివేదికలో రెండు నెలల మచ్చ తీశారు. అప్పు మంజూరయ్యేసరికి కాలేజీ ఫీజు గడువు దాటి తొమ్మిది రోజులైంది. చెల్లె ఫీజు ఆలస్య రుసుముతో కట్టింది. ఆ రసీదు కూడా వాడు ఫైలులో పెట్టుకున్నాడు.