ఏ విమానం, ఏ రోజు

మల్కాజిగిరి,
అక్టోబరు 12, 2025.

చిరంజీవి స్రవంతికి,

  

మొన్న సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెబుతుంటే టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. 1963లో మన వాయుసేనలోకి వచ్చింది ఆ ఊళ్లోనే, అరవై రెండేళ్లకి సెలవు తీసుకున్నదీ అక్కడే. ఆ సాయంత్రమే నువ్వు ఫోన్ చేసి "మావయ్యా, మీరు పని చేసిన విమానం బొమ్మ నేను చేస్తాను" అన్నావు. ఆ మాట నాకు ఎంత బలమిచ్చిందో నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. దాచుకున్న డబ్బుతో మంచి కిట్టే కొన్నావు. చెక్ దేశపు ఎడ్యువర్డ్ వాళ్ల మిగ్ కిట్లకి, అందులోనూ 1/48 సైజు వాటికి, మంచి పేరుంది. అయితే నువ్వు అనుకున్న పని ఆ పెట్టెతో కాదు. 1971 యుద్ధంలో డిసెంబరు 14న గౌహతి నుంచి వెళ్లి ఢాకా గవర్నర్ హౌస్ మీద రాకెట్లు వేసిన 28వ స్క్వాడ్రన్ విమానం చేస్తానన్నావు కదా, అవి ఎఫ్ఎల్ రకం. వాయుసేనలో మేము వాటిని 'టైప్ 77' అనేవాళ్లం. నీ పెట్టెలో ఉన్నది బిస్, అంటే మా భాషలో 'టైప్ 75'. అది మన దేశానికి వచ్చింది ఆ యుద్ధం అయిపోయాకే.

రంగు మార్చి, నంబరు మార్చి అతికిస్తే సరిపోతుందని ఎవరైనా అంటారేమో. వినకు. రెండూ తెలిసినవాడికి దూరం నుంచే తేడా కనబడుతుంది. బిస్‌కి కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా వీపు లావుగా లేచి ఉంటుంది, దాని లోపల ఇంధనం ట్యాంకు ఉంది. ఎఫ్ఎల్ వీపు సన్నం. ఎఫ్ఎల్‌లో కాక్‌పిట్ అద్దం మొత్తం ముందువైపుకి లేస్తుంది, బిస్‌లో ముందు అద్దం కదలదు, వెనక అద్దం కుడి పక్కకి తెరుచుకుంటుంది. ముక్కు మీద పొడుగ్గా ఉండే పిటో గొట్టం ఎఫ్ఎల్‌కి పైన నడిమధ్యన, బిస్‌కి కుడికి జరిగి ఉంటుంది. బిస్ పొట్టలో రెండు గొట్టాల ఫిరంగి ఇమిడి ఉంటుంది. ఎఫ్ఎల్‌కి లోపల ఫిరంగే లేదు, కావాలంటే కింద విడిగా తగిలించాలి. అందుకని ఢాకా విమానాన్ని ఇంకో పెట్టెకి, ఇంకో ఏడాదికి ఉంచు. ఇప్పుడు నీ చేతిలో ఉన్నదాన్ని ఉన్నట్టు చెయ్యి. నేను తొమ్మిదేళ్లు చూసుకున్నది కూడా టైప్ 75నే.

ముక్కలు కత్తిరించే నిప్పర్ చేతిలోకి తీసుకునే ముందు ఒక పని చెయ్యాలి. కాగితం మీద రెండు ప్రశ్నలకి జవాబు రాసుకో: ఇది ఏ విమానం? ఏ రోజు? మిగ్-21 అని రాస్తే చాలదు. ఫలానా స్క్వాడ్రన్‌లో ఫలానా నంబరు విమానం, ఫొటో దొరికినది. ఆ రోజు అది సర్వీసింగ్ అయ్యి అప్పుడే హ్యాంగర్ నుంచి బయటికి వచ్చిందా, వారమంతా ఎగిరి శనివారం సాయంత్రం నిలబడి ఉందా? ఈ రెండూ తేలకపోతే చివర్లో మురికి ఎక్కడ వెయ్యాలో, ఎంత వెయ్యాలో తెలియక చెయ్యి తడబడుతుంది. తేలితే ప్రతి మరకకీ ఒక కారణం ఉంటుంది. కారణం లేని మరక వెయ్యకు.

ఇక పని సంగతి. ప్లాస్టిక్ ముక్కలకి అచ్చు నుంచి ఊడేందుకు పూసిన నూనె అంటి ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టు, లేకపోతే రంగు పట్టదు. ముక్కల్ని ఫ్రేము నుంచి దూరంగా కత్తిరించి, మిగిలిన మొదలుని తర్వాత బ్లేడుతో చెక్కు. సిమెంటు రాసే ముందు పొడిగా పెట్టి చూడు, టేపు వేసి చూడు. రెండు సగాల మధ్య ఒక మిల్లీమీటరు సందు కనిపించిందనుకో, నీ బొమ్మ 1/48 సైజు కాబట్టి నలభై ఎనిమిదితో హెచ్చవెయ్యి. అసలు విమానం మీద అది దాదాపు అయిదు సెంటీమీటర్లు, నా అరచెయ్యి దూరేంత. అలాంటి విమానాన్ని ఏ ఫిట్టరూ సంతకం పెట్టి ఎగరనివ్వడు.

పల్చటి సిమెంటు ప్లాస్టిక్‌ని కరిగించి కలుపుతుంది. అంచుల మీద పారించి, కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా బయటికి పొంగేదాకా వేళ్లతో అదిమి పట్టుకో. ఆ తర్వాత ముట్టుకోకు. రిటైరయ్యాక నేను చేసిన మొదటి బొమ్మకి మర్నాడు ఉదయమే ఉప్పుకాగితం పెట్టాను, నున్నగా వచ్చింది. రెండు నెలలకి వీపు మీద గీతలా కుంగిపోయింది, ఎందుకంటే లోపల ఇంకా ఆరుతూ ఉంది. నువ్వు వారం ఆగు. మీ విశాఖ గాలిలో, ఈ వానల్లో, ఇంకో రెండు రోజులు ఎక్కువే ఆగు. తర్వాత 400 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 600, 1000 దాకా తడిపి రుద్దు. నీళ్లుంటే ధూళి లేవదు, గీతలు పడవు.

ముక్కులో బరువు పెట్టడం మరిచిపోకు. మూడు చక్రాల మీద నిలబడే ఈ విమానం ప్లాస్టిక్‌లో వెనక్కి బరువై తోక మీద కూర్చుంటుంది. ఒళ్లు మూసేశాక ఇక చేసేదేమీ ఉండదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల సామాన్లు అమ్మే కొట్లో సీసం గుళ్లు దొరుకుతాయి. అన్ని ముక్కల్నీ టేపుతో నిలబెట్టి, పెద్ద చక్రాలు వచ్చే చోట కింద పెన్సిల్ పెట్టి చూడు. ముక్కు కిందికి వాలేదాకా గుళ్లు వేసుకుంటూ పో. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకు.

కాక్‌పిట్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, నాకు అక్కడే మనసు ఆగుతుంది. లోపలి రంగు నెమలికంఠం రంగుకి దగ్గర, నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు. సోవియట్ వాళ్లు కంటికి అలసట రాకుండా ఉండాలని ఎంచుకున్న రంగని మాకు చెప్పారు.  మీటర్ల పలక నడుమ నిలువుగా ఒక తెల్లగీత ఉంటుంది. అది అలంకారం కాదు. విమానం గిరగిరా తిరుగుతూ పడిపోతున్నప్పుడు పైలట్‌కి దిక్కు తెలియదు, చేతిలో ఉన్న స్టిక్‌ని సరిగ్గా మధ్యకి తెచ్చి ముందుకి తొయ్యాలి. ఆ గీత వైపు తోస్తే మధ్యకి వచ్చినట్టు. ఆ గీత గీస్తున్నప్పుడు నీ చెయ్యి కాస్త నెమ్మదించాలి తల్లీ. ఎందరో కుర్రవాళ్లు ఆ గీత వంక చూశారు. మన దగ్గర మిగ్‌లు చాలా కూలిపోయాయి, చాలామంది ఇంటికి రాలేదు. ఆ సంగతి పక్కన పెట్టి ఈ విమానం గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

అద్దానికి సూపర్ గ్లూ దగ్గరికి రానివ్వకు. దాని ఆవిరికి అద్దం తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది. తెల్ల జిగురు చాలు.

రంగులకి ముందు చక్రాల గుంతలు, కాక్‌పిట్, ఇంజను నోరు అన్నీ మాస్కింగ్ టేపుతో మూసుకో. ఎయిర్‌బ్రష్ కంప్రెసర్‌కి నీళ్లు పట్టే గిన్నె తప్పకుండా తగిలించు. సముద్రపు ఊళ్లో గొట్టంలోంచి నీటి చుక్క ఊడిపడితే రోజంతా చేసిన పని పోతుంది. వాన కురుస్తుంటే లాకర్ రంగు కొట్టకు, తెల్లగా మసకబారుతుంది. కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని చెయ్యి. స్టిక్కర్లకి ముందు నిగనిగలాడే వార్నిష్ పొర వెయ్యాలి. గరుకు రంగు మీద అతికిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. ఇంతకంటే రాయను, మిగతాది కిట్ కాగితంలో ఉంది.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు ప్రశ్న, "మావయ్యా, పాతబడినట్టు ఎలా చెయ్యాలి?" అని. ఈమధ్య చూసే బొమ్మల్లో ప్రతి రేకు అతుకులోనూ నల్లరంగు నింపేస్తున్నారు. నాకది నచ్చదు. బొమ్మ మీద గీత మిల్లీమీటర్‌లో పదో వంతు ఉందనుకో, అసలు విమానం మీద అది అయిదు మిల్లీమీటర్ల కాలవ. మేము రేకుల మధ్య అంత సందు వదలలేదు. బూడిదరంగు విమానం మీద ఇంకాస్త ముదురు బూడిదరంగు పల్చగా పారించి తుడిచెయ్యి. మేము మాటిమాటికీ తెరిచే మూతల చుట్టూ మాత్రం ఇంకొంచెం ఉండనీ.

ఎక్కడ మురికి ఉండాలో చెబుతాను. నిచ్చెన ఎడమవైపు తగిలించేవాళ్లం. పైలట్ ఎక్కేదీ దిగేదీ అక్కడే, మా బూట్లు రాసుకునేదీ అక్కడే. రెక్క మొదట్లో మనుషులు నిలబడి పని చేస్తారు కాబట్టి రంగు అరిగి ఉంటుంది, రెక్క చివర్లో ఎవరూ నిలబడరు. హైడ్రాలిక్ నూనె ఎర్రగా ఉంటుంది. కింద చక్రాల గుంతల చుట్టూ అది కారిన చారలుంటాయి. గాల్లో కారిన చార వెనక్కి పోతుంది, నేల మీద కారినది కిందికి పోతుంది. రెండూ కలిపి వేస్తే చూసేవాడి కంటికి నమ్మకం కలుగుతుంది. ఎండకి రంగు వెలిసేది పైన, పొట్ట కింద కాదు. పైభాగం మీద అదే రంగులో తెలుపు కలిపి అక్కడక్కడా పల్చటి మబ్బులా కొట్టు. తోక మొదట్లో, ఇంజను నోటికి పైన, బ్రేక్ పారాచూట్ గూడు ఉంటుంది. దిగిన ప్రతిసారీ ఆ గుడ్డ విప్పుకునేది, మళ్లీ మడిచి తెచ్చినది మేము లోపలికి కుక్కేవాళ్లం. ఆ గూడు మూత చుట్టూ వేళ్ల ముద్రలు ఉండి తీరతాయి.

ఇంజను నోటి దగ్గర లోహం వేడికి రంగులు మారుతుంది. ముందు గడ్డిరంగు, తర్వాత గోధుమ, ఆపైన ఊదా, నీలం. పైన పట్టే సన్నని పొర మందం పెరిగే కొద్దీ ఆ వరస వస్తుంది. వరస తలకిందులు చెయ్యకు. ఆ ఇంజన్లు మీకు దగ్గర్లోనే, కొరాపుట్ పక్కన సునాబెడలో, హెచ్ఏఎల్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. విమానం ఒళ్లు నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ సామాను మా హైదరాబాద్‌లో. ఇంత దూరాల మనుషులు కలిసి చేసిన యంత్రమది.

ఒకసారి బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియానికి వెళ్లు. అది మిగ్ కాదులే, నౌకాదళం వాళ్ల పెద్ద విమానం. అయినా రివెట్లు ఎలా ఉంటాయో, రంగు ఎక్కడ పెచ్చులూడుతుందో, నీళ్లు ఎటు పారి చారలు కట్టాయో నోటుబుక్కులో గీసుకో. ఫొటో తీస్తే మరిచిపోతావు, గీస్తే గుర్తుంటుంది.

బల్ల మీద అంచున్న పళ్లెం ఒకటి పెట్టుకుని పని దానిలోనే చెయ్యి. తేజ్‌పూర్‌లో ఉన్నప్పుడు ఒక రాత్రి పని ముగించి టూల్ బాక్స్ లెక్క చూస్తే నాలుగంగుళాల స్క్రూడ్రైవర్ ఒకటి తక్కువ వచ్చింది. దాన్ని వాడింది నేను. అది దొరికేదాకా ఆ విమానం కదలదు, అది నియమం. సీటు పైకి తీసి, టార్చి పట్టుకుని, తెల్లవారుజామున మూడింటికి కాక్‌పిట్ అడుగున వైర్ల మధ్య దొరికింది. స్టిక్ కింద ఇరుక్కుని ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది. నీ బొమ్మలో ముక్క పోతే ప్రాణం పోదు. కానీ లేచే ముందు లెక్క చూసుకునే అలవాటు చేసుకో.

పిటో గొట్టం ఇప్పుడే అతికించకు. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్‌ది దారంలా సన్నం, చొక్కా చెయ్యి తగిలినా విరుగుతుంది. నా దగ్గర ఒకదానిలో ఒకటి దూరే ఇంజెక్షన్ సూదులు రెండు ఉన్నాయి, మొన అరగదీసి ఉంచాను. ముక్కు మీద కుడివైపు రంధ్రం మాత్రం చేసి ఉంచు. సంక్రాంతికి వచ్చినప్పుడు తెస్తాను, ఇద్దరం కలిసి అతికిద్దాం.

ఇట్లు,
మీ పెద్దమావయ్య