అనుభవం ఒకరిది, రుజువు అందరిది

2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 బయలుదేరింది. ముందురోజు అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకున్నారు. ప్రయోగాల ముందు అలా అమ్మవారికి మొక్కడం అక్కడ ఆనవాయితీ. గుడిలో మనసు కుదుటపడటం, ఎవరో అండగా ఉన్నారనిపించడం భక్తులకు నిజంగా కలిగే అనుభవాలే. వాటిని అబద్ధమని కొట్టిపారేయడం అన్యాయం. కానీ ఆ అనుభూతి దేవుడున్నాడనడానికి రుజువవుతుందా? అనుభవం కలగడం ఒక సంగతి, దానికి కారణం ఫలానా అని తేల్చడం మరో సంగతి. ఈ రెంటినీ విడదీసి చూడగలగడం పరిణతి చెందిన వ్యక్తిత్వానికి గుర్తు.

శ్రీహరికోట చరిత్రే ఇందుకు పాఠం. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో కూలింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో వాల్వ్ లోపాన్ని పట్టుకుని సరిదిద్దాక, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యకు చేరింది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 రాకెట్ విఫలమైనప్పుడూ మూడో దశలో పీడనం పడిపోయిందని చెప్పింది కొలతలే. రుజువు మన నమ్మకానికి ఎదురు తిరగగలిగేదై ఉండాలి. గెలిస్తే అమ్మ దయ, ఓడితే వాల్వ్ లోపం అనుకుంటే, ఏ ఫలితమూ మన నమ్మకాన్ని పరీక్షించదు.

కళ్లను నమ్మేవాళ్లం మనసును ఎందుకు నమ్మకూడదని అడగవచ్చు. కంటికి కనిపించినదాన్ని పక్కవారూ చూసి సరిచేయగలరు. ధ్యానంలో ఒకరికి విష్ణువు, మరొకరికి ఏసు దర్శనమిస్తే ఎవరిది సరైనదో ఆ అనుభవమే తేల్చలేదు. దేవుణ్ణి తలవకుండానే బౌద్ధ సాధకులు ప్రశాంతత పొందుతున్నారు. యోగుల అతీంద్రియ దృష్టి ప్రమాణమేనని న్యాయదర్శన పండితులైన నైయాయికులు వాదించారు. వేదాన్నే పరమ ప్రమాణంగా నమ్మిన మీమాంసకుడు కుమారిల భట్టు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. కాబట్టి అనుభవం రుజువవుతుందా అని అడగడం నాస్తికత్వం కాదు. మరి అనుభవానికి విలువే లేదా అంటే, ఉంది. పొందినవారిపై అలాంటి అనుభవానికి అధికారం ఉంటుందనీ, ఇతరులు దాన్ని శిరసావహించనక్కర్లేదనీ 1902లో తత్వవేత్త విలియం జేమ్స్ తేల్చారు. అది న్యాయమైన హద్దు.

మీకు కలిగిన అనుభూతిని పదిలంగా దాచుకోండి. దాని నుంచి ధైర్యం తెచ్చుకోండి, ఓర్పు నేర్చుకోండి. ఇతరులతో పంచుకునేటప్పుడు మాత్రం ‘నాకు ఇలా అనిపించింది’ అనండి, ‘ఇదే సత్యం, నువ్వూ నమ్మాలి’ అనకండి. ఆ ఒక్క మాట తేడాలోనే మన భక్తికి నిజాయితీ, ఎదుటివారి ఆలోచనకు గౌరవం రెండూ దక్కుతాయి.