గడ్డి కత్తిరించే యంత్రం: పాతది బాగుచేయించాలా, సెకండ్‌హ్యాండ్‌ది కొనాలా?

పాడికి అయ్యే ఖర్చులో పెద్ద భాగం మేతదే. పచ్చజొన్న, మొక్కజొన్న, నేపియర్ గడ్డి నిలువునా వేస్తే గేదె ఆకు తిని మొదళ్ళు వదిలేస్తుంది. కొంత కాళ్ళ కింద పడి పేడలో కలుస్తుంది. అదే మేతను అంగుళం, అంగుళంన్నర ముక్కలుగా కత్తిరించి వేస్తే చాలావరకు గాడిలోనే ఖర్చవుతుంది. మన డెల్టా మాగాణుల్లో వరి కోసిన తర్వాత వచ్చే జనుము, పిల్లిపెసర మేతను వరిగడ్డితో కలిపి వేయడం కూడా సులువవుతుంది. కత్తిరించినంత మాత్రాన వరిగడ్డికి బలం పెరగదు. దండుగ తగ్గుతుంది, అదే లాభం.

అందుకే చాఫ్ కట్టర్ ఆగిపోయిన రోజున సభ్యుడికి తొందర పుడుతుంది. ఆ తొందరలోనే డబ్బు పోతుంది. నిర్ణయానికి ముందు ఈ కింది వరుసలో ఆలోచించాలి.

1. జబ్బు ఎక్కడుందో చూడండి

ముందుగా కరెంటు తీసేసి, చక్రం కదలకుండా కట్టి, అప్పుడు యంత్రాన్ని పరీక్షించాలి.

గడ్డి తెగకుండా నలుగుతుంటే బ్లేడ్లు మొద్దుబారి ఉంటాయి, లేదా బ్లేడుకూ కింది పట్టీకీ మధ్య సందు పెరిగి ఉంటుంది. సాన పట్టించి, కాగితం దూరేపాటి సందు ఉంచి బోల్టులు బిగిస్తే సరిపోతుంది.

మేతను లోపలికి లాగకపోతే రోలర్ల పళ్ళు అరిగి ఉంటాయి, స్ప్రింగు సడలి ఉంటుంది, లేదా ఇరుసుకు గడ్డి చుట్టుకొని ఉంటుంది.

సింగిల్ ఫేజ్ మోటారు మూలుగుతూ తిరగకపోతే వోల్టేజీని, కండెన్సర్‌ను ముందు చూపించండి. కండెన్సర్ పోయినదానికి మోటారునే మార్చమంటే ఒప్పుకోవద్దు.

బ్లేడ్లు, బేరింగులు, బుష్షులు, బెల్టు అరిగిపోయే సామాను. అవి మార్చడానికే ఉన్నాయి. చట్రం, బరువు చక్రం, ఇరుసు, పళ్ళచక్రాలు యంత్రానికి ఎముకల వంటివి. ఎముకలు బాగుంటే బాగుచేయించడం మేలు. ఇరుసు వంగినా, పళ్ళు విరిగినా లేత్ పనికి ఎంతవుతుందో విజయవాడ ఆటోనగర్‌లోనో, గుంటూరులోనో రెండు చోట్ల అడిగి తెలుసుకోండి. పోత ఇనుప చక్రానికి బీట పడితే మాత్రం వెల్డింగును నమ్మవద్దు. వేగంగా తిరిగే చక్రం పగిలితే ముక్కలు ఎవరి మీదికి వస్తాయో చెప్పలేము.

2. ఏడాదికి ఎంత పడుతుందో లెక్క వేయండి

మరమ్మతుకు తక్కువ, కొనడానికి ఎక్కువ అని పైపైన చూస్తే లెక్క తేలదు. పెట్టిన డబ్బును, యంత్రం ఇంకా పనిచేసే సంవత్సరాలతో భాగించాలి. లెక్క నేర్చుకోవడానికి కొన్ని అంకెలు అనుకుందాం.

బ్లేడ్లు, బేరింగులు, కూలి కలిపి మరమ్మతు ఖర్చు రూ. 2,400. తర్వాత 2 సంవత్సరాలు నడుస్తుంది. ఏడాదికి రూ. 1,200.

సెకండ్‌హ్యాండ్ యంత్రం ధర రూ. 9,000. రవాణా, కొత్త బ్లేడ్లు, రేకు మూత కలిపి మరో రూ. 2,000. మొత్తం రూ. 11,000. పాతదాన్ని పాత ఇనుముకు అమ్మితే వచ్చే రూ. 1,000 తీసేస్తే రూ. 10,000. ఇది 4 సంవత్సరాలు నడిస్తే ఏడాదికి రూ. 2,500.

ఇక్కడ మరమ్మతే లాభం. అయితే మోటారు రీవైండింగు, ఇరుసు పని కూడా కలిసి మరమ్మతు రూ. 6,000 అయి, నడిచేది అదే 2 సంవత్సరాలయితే ఏడాదికి రూ. 3,000. అప్పుడు సెకండ్‌హ్యాండ్‌దే నయం. మీ అంకెలు వేసుకొని, వచ్చిన మొత్తాన్ని మీకందే లీటరు పాల ధరతో భాగించండి. ఏటా ఎన్ని లీటర్ల పాలు ఈ యంత్రానికి పోతున్నాయో తెలుస్తుంది.

3. సెకండ్‌హ్యాండ్ యంత్రాన్ని పరీక్షించే పద్ధతి

పొలం పోయిన చోట పచ్చిమేత పోతుంది, పశువులు తగ్గుతాయి, యంత్రం ఖాళీగా పడి ఉంటుంది. మంగళగిరి మండలంలోని నిడమర్రు, కురగల్లు, నవులూరు, ఎర్రబాలెం వంటి గ్రామాలు 2015లో రాజధాని భూసమీకరణలోకి వెళ్ళాయి. ఇటువంటి ప్రాంతాలలో అమ్మకానికి వచ్చే యంత్రం ఎక్కువగా వాడింది కాకపోవచ్చు. కాని వానలో నిలిచి తుప్పు పట్టిందేమో చూడాలి. రోజూ నూనె తాగుతూ అరిగిన యంత్రం కన్నా, పనిలేక తుప్పు తిన్న యంత్రం ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. పైన వేసిన కొత్త రంగును చూసి మోసపోవద్దు.

చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. గరగర శబ్దం వస్తే బేరింగులు పోయాయి. పక్కకు ఊగితే ఇరుసును అనుమానించాలి. చక్రాన్ని చిన్న సుత్తితో తట్టితే ఖంగున మోగాలి. బొంగురుగా పలికితే బీట ఉందేమో వెతకండి. పచ్చిమేత ఒక మోపు తీసుకువెళ్ళి అరగంట నడిపించండి. మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కకూడదు. ఆ రకం బ్లేడ్లు, పళ్ళచక్రాలు బజారులో దొరుకుతాయో లేదో అడగండి. దొరకని యంత్రం చవకగా వచ్చినా వద్దు.

4. చేతుల విలువ లెక్కలో కలపండి

ఈ యంత్రం వేళ్ళను, ఒక్కొక్కప్పుడు చేతినే తీసుకుంటుంది. ఢిల్లీ ఐ.ఐ.టి. పరిశోధకులు ఉత్తరాది గ్రామాలలో ఇటువంటి ప్రమాదాలను పరిశీలించి, బ్లేడ్లకు కవచం, వేళ్ళు లోపలికి పోకముందే తగిలే హెచ్చరిక రోలరు, చక్రానికి తాళం ఉండాలని సూచించారు. పని లేని వేళ పిల్లలు చక్రం తిప్పి ఆడుకోవడం వల్ల జరిగే ప్రమాదాలకు ఆ తాళమే మందు.

పాతదైనా, కొన్నదైనా నాలుగు ఏర్పాట్లు తప్పనిసరి. మేత పెట్టే దోనె మీద, చెయ్యి ఎంత చాపినా వేళ్ళు రోలర్లకు అందనంత పొడవున మూత ఉండాలి. పళ్ళచక్రాలకు, బెల్టుకు రేకు కప్పాలి. మోటారుకు ఎర్తు ఇవ్వాలి, ఎందుకంటే పశువుల పాకలో నేల ఎప్పుడూ తడే. స్విచ్చి పనిచేసేవారి చేతికి అందాలి. పమిట కొంగు, తువ్వాలు బిగించి కట్టుకొని పనిచేయాలి. ఈ ఏర్పాట్లకయ్యే ఖర్చు మరమ్మతు బిల్లులోనూ, కొనుగోలు ధరలోనూ కలిపే లెక్క చూడాలి. అవి అమర్చడానికి వీలులేని యంత్రాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

5. మరి రెండు మార్గాలు

పశుసంవర్ధక శాఖ కొన్ని పథకాలలో చాఫ్ కట్టర్లను రాయితీపై ఇచ్చింది. సెకండ్‌హ్యాండ్‌దానికి డబ్బు కట్టేముందు మీ పశువైద్యశాలలో ప్రస్తుతం ఏ పథకం ఉందో అడగండి. ఒకటి రెండు గేదెలే ఉన్నవారికి చేతితో తిప్పే యంత్రం చాలు. లేదా ఇరుగుపొరుగు ముగ్గురు నలుగురు కలిసి ఒక మంచి యంత్రం పెట్టుకోవచ్చు. అటువంటప్పుడు నూనె, సాన, బ్లేడ్ల ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోవాలి.

సంఘ సమావేశంలో చర్చించండి

అ) మన సంఘంలో ఎన్ని యంత్రాలు ఆగిపోయి ఉన్నాయి? వాటిలో ఎముకలు బాగున్నవి ఎన్ని?
ఆ) ఎన్ని యంత్రాలకు మూత, తాళం లేవు? అందరివీ ఒకేసారి చేయిస్తే ఎంతవుతుంది?
ఇ) పై లెక్క ప్రకారం మీ యంత్రానికి ఏడాదికి ఎంత పడుతున్నది?